మూడో లైనులో ఎదురుపాట

డిసెంబరు వచ్చిందంటే ప్రిస్కిల్లా కుట్టుమిషను పక్కన తెల్లబట్ట గుట్టగా పేరుకుంటుంది. చంటిపిల్లల గౌన్లు, ఆడవాళ్ల జాకెట్లు, చర్చి పాటల బృందంలోని అమ్మాయిలకు ఒకే రంగు లంగాలు. నస్పూర్ పాత క్వార్టర్లలో పండుగ బట్టల సంగతి అందరికీ ఆఖరి వారంలోనే గుర్తొస్తుంది. వచ్చిన ప్రతివాళ్లూ తమదే ముందు కావాలంటారు. ప్రిస్కిల్లా ఎవరినీ కాదనదు, ఎవరికీ తారీకు చెప్పదు. తల వంచుకొని పెడల్ తొక్కుతూ, పెదవులు కదిలీ కదలకుండా ఒక పాట పాడుకుంటూ ఉంటుంది.

ఆ పాటలో ఒకచోట ఆమె ఆగుతుంది. ఆమెతోపాటు కాలు ఆగుతుంది, చక్రం ఆగుతుంది, సూది బట్టలోకి దిగి అట్లాగే నిలబడుతుంది. నిండా ఊపిరి తీసుకునేంత సేపు. తర్వాత మళ్లీ మిషను కదులుతుంది. కొత్తవాళ్లు దారం తెగిందేమో అనుకుంటారు. పాతవాళ్లకు తెలుసు. ఆమె పాడేది సగం పాటే. మిగతా సగం పాడవలసిన గొంతు అదే క్వార్టర్ల లైను చివరి ఇంట్లో తలుపు వేసుకొని ఉంది.

ఆ గొంతు ఆమె అన్న ఫిలిప్‌ది. పాట వాళ్ల బాపుది.

బాపు పేరు పేతురు. హుస్నాబాద్ దగ్గర ఒక పల్లెలో కూలి చేసుకునే ఇంట పుట్టాడు. మిషనరీ బడిలో కాసిన్ని అక్షరాలు, చాలా కీర్తనలు నేర్చుకొని, మగ్దలేనమ్మను పెండ్లి చేసుకొని బొగ్గుబాయి పనికి వచ్చాడు. గని లోపల వాలుదారిలో బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగుతారు. లాగే ముందు కిందివాడు గంట కొట్టాలి. పైనుంచి జవాబు గంట రావాలి. అది వినపడ్డాకనే టబ్బు కదలాలి. తొందరపడితే మనుషుల ప్రాణాలు పోతాయి. పేతురు పని కింద గంట దగ్గర. బతుకంతా చీకట్లో నిలబడి గంట కొట్టి, చెవులు రిక్కించి, అవతలి జవాబు కోసం ఎదురుచూసిన మనిషి అతను. అలాంటి మనిషి పాట కడితే అది ఇంకెట్లా ఉంటుంది?

మెథడిస్టు చర్చి అప్పటికి రేకుల షెడ్డు. హార్మోనియం లేదు, పాడైపోయిన ఒక డోలకు ఉండేది. క్రిస్మస్ ముందురోజు పొద్దుగూకే వేళకు పాటల బృందం క్వార్టర్ల మీదికి బయలుదేరేది. మూడో లైను మిగతా వాటికన్నా పొడుగు. ఒక చివర నీళ్ల నల్లా, ఇంకో చివర పేతురు ఇల్లు. అక్కడికి రాగానే బృందం రెండుగా చీలేది. సగంమంది నల్లా దగ్గర ఆగితే సగంమంది పేతురు ఇంటి ముందుకు వెళ్లేవాళ్లు. ఈ చివర నుంచి ఒక పాప అడగాలి. ఆ చివర నుంచి ఒక పిల్లవాడు జవాబు చెప్పాలి. ఒక్కో చరణానికి రెండు గుంపులూ ఎదురెదురుగా కొంత దూరం నడవాలి. ఆఖరి చరణానికి లైను నడుమ, దేవవ్వ ఇంటి అరుగు దగ్గర కలుసుకోవాలి. దాన్ని అందరూ ఎదురుపాట అనేవాళ్లు.

ఎవలింటికొచ్చినవే చుక్కా, ఇంత పొద్దుగూకినంక?
తలుపు లేని కొట్టానికొచ్చిన, తల్లి ఒడి ఎచ్చనుందని.

మొదటి పాదం ప్రిస్కిల్లాది. రెండోది ఫిలిప్‌ది. రెండింటి నడుమ ఏ వాద్యమూ మోగకూడదు, ఎవరూ తాళం వేయకూడదు. అది బాపు పెట్టిన నియమం.

మొదటిసారి అడగడానికి నిలబడ్డప్పుడు ప్రిస్కిల్లా ఇంకా పాలపండ్లు ఊడని పిల్ల. అడిగేసి, ఆ నిశ్శబ్దంలో భయపడిపోయి బాపు చెయ్యి పట్టుకుంది.

"బాపూ, అన్న చెప్తలేడు."

"చెప్తడు. జర ఆగు."

"చెప్పకపోతె?"

"మళ్ల నువ్వే అడుగాలె. బాయిల గంట తిరిగి రాకపోతె ఏంజేస్తం? మళ్ల కొడుతం. అంతెగని టబ్బు ఇడ్సిపెడుతమా?"

అంతలో అవతలి నుంచి ఫిలిప్ గొంతు వచ్చింది. సన్నగా, నిటారుగా, చలిలో పొగలాగా. ఆ క్షణంలో కలిగిన హాయి ప్రిస్కిల్లాకు ఇప్పటికీ కడుపులో ఎక్కడో ఉంది. తర్వాత ఆమె ఎన్నో పాటలు వింది. రేడియోలో, చర్చిలో, పెండ్లిళ్లలో, బిడ్డ ఫోనులో. కానీ పండుగ పాటల్లో ఏది ఇష్టమని ఎవరైనా అడిగితే ఆమె చెప్పేది ఆ పాట కూడా కాదు. ఆ పాట నడుమ ఉన్న ఆ కాస్త ఖాళీ.

ఆ రోజుల్లో నక్షత్రాన్ని ఇంట్లోనే చేసేవాళ్లు. ఫిలిప్ వెదురు బద్దలు చీరేవాడు, బొటనవేలు కోసుకునేవాడు, అవ్వతో తిట్లు తినేవాడు. అవ్వ మగ్దలేనమ్మ మైదా ఉడికించి లై చేసేది. ఎర్రటి పతంగి కాగితం అతికించి, లోపల బల్బు పెట్టి వాకిట్లో వేలాడదీసేవాళ్లు. ఆ బల్బు ముందర గదిలోది. ఇంకోటి కొనే ఆలోచన ఎవరికీ రాలేదు. అందుకని డిసెంబరంతా ముందర గది చీకటిగా ఉండేది. ఇంటిల్లిపాదీ వాకిట్లో కూర్చొని నక్షత్రం వెలుగులో అన్నం తినేవాళ్లు. అన్నం ఎర్రగా, చారు ఎర్రగా, అవ్వ చేతిగాజులు ఎర్రగా. పని నుంచి వచ్చి వేడినీళ్లు పోసుకున్నా బాపు కనురెప్పల అంచున మిగిలే బొగ్గు గీత కూడా ఆ వెలుగులో కాటుకలా కనిపించేది.

పండుగకు సకినాలు చేయడం మగ్దలేనమ్మకు వచ్చేది కాదు. చుట్టు తిప్పబోతే పిండి తెగేది. అందుకని నడుమ ఇంటి దేవవ్వ వచ్చి కూర్చునేది. దేవవ్వ మల్లన్నను మొక్కే మనిషి. ఆమె భర్త లచ్చయ్యా, పేతురూ ఒకే షిఫ్టు.

"మీ దేవుడు పుడితె నా యేళ్లు నొయ్యాలెనా?" అని దేవవ్వ సణిగేది. చుట్టు మాత్రం ఒక్కటి కూడా వంకర పోయేది కాదు.

"నీ యేళ్లు నొస్తె మా దేవుడే నయం జేస్తడు తియ్యి" అనేది మగ్దలేనమ్మ.

"గట్లయితె ముందుగాల నీకు సకినం తిప్పుడు నేర్పుమను."

ఒక ఏడు ఫిలిప్ జవాబు నిజంగానే రాలేదు. ప్రిస్కిల్లా అడిగింది. ఆగింది. ఇంకా ఆగింది. లైను మొత్తం ఊపిరి బిగబట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బాపు చెప్పినట్టు మళ్లీ అడిగింది. అప్పటికీ ఏమీ లేదు. చివరికి అవతలి గుంపులోంచి మగ్దలేనమ్మ కేక వినపడింది. "ఎట్ల పాడుతడు, నోట్లె సకినాలు కుక్కుకున్నడు దొంగ!" రెండు గుంపులూ, అరుగుల మీద కూర్చున్నవాళ్లూ పడిపడి నవ్వారు. ఫిలిప్ మింగలేక, కక్కలేక, కండ్లు తేలేసి, నీళ్లు తాగి, మూడోసారి అడిగాక దగ్గుతూ పాడాడు. ఆ తర్వాత చాలా ఏండ్లు పాటకు ముందు దేవవ్వ వెళ్లి వాడి నోరు తెరిపించి చూసేది.

అవన్నీ పోయాయి. లచ్చయ్య పోయాడు, మగ్దలేనమ్మ పోయింది, ఆమె వెనకే పేతురూ పోయాడు. లోపలి గని మూతపడింది. ఇప్పుడున్నది పైనుంచి తవ్వే గని. దానికి గంటలతో పని లేదు, మనుషులతోనూ పెద్దగా లేదు. లైనులో సగం ఇండ్లకు తాళాలు, ఆ తాళాలకు తుప్పు. ఉన్న ఇండ్లలోని పిల్లలు చదువులు చదివి ఠేకేదారు కింద లారీలు కడుగుతున్నారు. పండుగ వచ్చిందంటే మాత్రం రోడ్డు మీద ఫ్లెక్సీలు లేస్తాయి. వాటిలో పశులపాక మూలన చిన్నగా ఉంటుంది. శుభాకాంక్షలు చెప్పే నాయకుల ముఖాలు పెద్దగా ఉంటాయి.

బాపు పోయిన తర్వాత ఫిలిప్ తాగుడులో పడ్డాడు. కొంచెం కాదు, ఇల్లు మరిచిపోయేంత. డ్యూటీకి వెళ్లనిరోజులు వెళ్లినరోజులను మించాయి. భార్య నవనీత రెండుసార్లు తల్లిగారింటికి వెళ్లి రెండుసార్లూ తనే తిరిగివచ్చింది. అట్లాంటి సమయంలో బైపాసు అవతలి ప్రార్థన ఇంటివాళ్లు అతన్ని పట్టుకున్నారు. తాగుడు మానిపించారు. ఫిలిప్ మనిషయ్యాడు. కానీ వాళ్లు క్రిస్మస్ చేయరు. ఆ తారీకు బైబిల్లో లేదంటారు. నక్షత్రం కట్టరు, కేకు కోయరు, వీధుల్లో పాడరు.

ఆ ఏడు ప్రిస్కిల్లా ఎప్పట్లాగే నక్షత్రం చేసుకొని అన్న వాకిట్లో కట్టబోయింది. ఫిలిప్ బయటికి వచ్చి దాన్ని ఆమె చేతికే తిరిగి ఇచ్చాడు.

"వద్దు చెల్లె. డిసెంబర్ ఇరవై అయిదు బైబిల్ల ఏడుందో సూపియ్యి, కడుత."

ప్రిస్కిల్లాకు ఒళ్లు మండింది. "తాగి మురికి మోరీల పండుడు బైబిల్ల ఉండెనా మరి? గది మంచిగనే జేస్తివి గద."

ఆ మాట అన్నప్పుడు ప్రార్థన ఇంటివాళ్లు లోపలే కూర్చొని ఉన్నారు. ఫిలిప్ తలుపు మెల్లగా వేసుకున్నాడు. గట్టిగా వేసినా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. ఆ తర్వాత అన్నాచెల్లెండ్లు ఎక్కడన్నా పెండ్లిలో కలిస్తే బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నారు. అంతకన్నా మాట సాగలేదు.

ఎదురుపాట మాత్రం అప్పటినుంచి కుంటుతూనే ఉంది. ఒక ఏడు ప్రిస్కిల్లా భర్త సదానందం జవాబు చెప్పడానికి ఒప్పుకున్నాడు. సదానందం ఆటో నడుపుతాడు. మంచివాడు, గొంతు మాత్రం వెనక్కి తీసేటప్పుడు ఆటో మోగినట్టు మోగుతుంది. ఇంకో ఏడు అమ్మాయిలందరూ కలిసి చెప్పారు. ఆ తర్వాతి ఏడు బిడ్డ వందన పాటను ఫోనులో రికార్డు చేసి, నడుమ ఖాళీ ఉందని దాన్ని కత్తిరించి నలుగురికీ పంపింది.

"ఏం జేసినవ్ బిడ్డా గిది?" ప్రిస్కిల్లా వినగానే అడిగింది.

"ఆడ ఏం లేకుండె గదమ్మా. గమ్మున ఉంటె ఎవరు జూస్తరు? ముంగటికి జరుపుకుంట పోతరు."

ఆడ ఏం లేకుండె. ప్రిస్కిల్లా బాపు గంట గురించి చెప్పబోయింది. గంట ఎక్కడుంది, చూపించమంటే? ఫోను బిడ్డ చేతిలో పెట్టింది.

ఈ ఏడు డిసెంబరులో చర్చిలో పాటలు నేర్చుకుంటున్న సాయంత్రం ఎదురుపాట సంగతి తేలిపోయింది. కీబోర్డు వాయించేది శ్యాంసుందర్. మంచిర్యాలలో ఫోన్లు బాగు చేస్తాడు, నెమ్మదైన పిల్లవాడు. అతను తాళాన్ని కీబోర్డులోనే పెట్టి వదిలేస్తాడు, అది దానంతట అదే మోగుతూ ఉంటుంది. ప్రిస్కిల్లా అడిగి ఆగింది. తాళం ఆగలేదు. ఖాళీలో దబ్‌దబ్‌మని కొట్టుకుంటూ పోయింది.

"గది బందు జెయ్యి కొడుకా, జర."

"బందు జేస్తె పాట అయిపోయిందనుకుంటుండ్రు ఆంటీ. పోయినేడు ఏమైంది? మీరు ఆగంగనే చప్పట్లు గొట్టి ఇంట్లకు పోయిండ్రు."

అమ్మాయిలు నవ్వు ఆపుకున్నారు. ప్రిస్కిల్లాకు కూడా నవ్వొచ్చింది. అది నిజమే మరి.

"మీ పాట చెడ్డదని గాదు" అన్నాడు శ్యాంసుందర్ మెల్లగా. "జవాబు చెప్పేటోళ్లు లేరు. ఎవలన్న ఉంటె చెప్పుండ్రి, పెడుదాం. లేకుంటె గీసారికి వేరే పాట ఎత్తుకుందాం."

గీసారికి అన్నాడు. కానీ ఒకసారి ఆపిన పాటను ఎవరూ మళ్లీ మొదలుపెట్టరని అక్కడ ఉన్న అందరికీ తెలుసు. బాపు గొంతు ఏ క్యాసెట్టులోనూ లేదు. అతని ఫొటో కూడా గని గుర్తింపు కార్డు మీద ఉన్న ఒక్కటే, అందులో ఎవరో దొంగను పట్టుకొచ్చినట్టు ఉంటాడు. ఆ పాటను వదిలితే బాపును రెండోసారి సాగనంపినట్టే. ప్రిస్కిల్లా ఆ రాత్రి అన్నం సగమే తిన్నది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె లైను చివరి ఇంటికి నడిచింది. తను పుట్టి పెరిగిన ఇల్లే. ఫిలిప్ కుర్చీలో కూర్చొని బూట్లు తుడుచుకుంటున్నాడు. తల సగం నెరిసింది. నవనీత గబగబా చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"కూసో" అన్నాడు ఫిలిప్.

కూర్చుంది. ఫిలిప్ బ్రష్షు వదలకుండా రెండో బూటు అందుకున్నాడు.

"అన్నా, ఎదురుపాట తీసేస్తుండ్రట."

"ఇన్న."

"జవాబు నువ్వు చెప్తె ఉంటది."

"నేను పాడ. నీకెర్కనే గద."

"పండుగ కోసం గాదన్నా. బాపు కోసం."

"బాపు గా పాట పండుగ కోసమే కట్టిండు గద చెల్లె. దాన్ని దీన్ని ఎట్ల ఇడదీస్తవ్?"

ఆమె నవనీత తెచ్చిన చాయ్ గ్లాసు చేతిలో తిప్పింది. చాలాకాలంగా లోపల పెట్టుకున్న మాట బయటికి వచ్చింది.

"గప్పుడు నేనొక మాటన్న. అనద్దుండె."

ఫిలిప్ బ్రష్షు కింద పెట్టాడు. "తప్పేమన్నవ్? మోరీల పడ్డది నిజమే. లేపినోళ్లు ఎవలు మరి? పొద్దున్నే వచ్చి గీ గడప మీద కూసుండేటోళ్లు, నేను దుకాణం దిక్కు పోకుండ. వానల గూడ వచ్చిండ్రు. మీ సంఘమోళ్లు ఒక్కలన్న వచ్చిండ్రా? పాస్టరయ్యగారు వచ్చిండా?"

ప్రిస్కిల్లాకు ఆ రోజులు గుర్తొచ్చాయి. తను వచ్చేది నిజమే. వచ్చి తిట్టి పోయేది. గడప మీద కూర్చోలేదు.

"గసొంటోళ్ల మాట జవదాటమంటవా?" అన్నాడు. కోపం లేదు గొంతులో.

"వద్దన్నా" అని లేచింది.

నవనీత నల్లా దాకా సాగనంపడానికి వెంట వచ్చింది. దారిలో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నీకొకటి చెప్త, ఆయనకు చెప్పకు. డిసెంబర్ వచ్చిందంటె తానం జేసేటప్పుడు లోపట్నుంచి కూనిరాగం ఇనొస్తది. నేనింటున్న అని ఎర్కైతె బందు జేస్తడు."

ప్రిస్కిల్లా ఆగిపోయింది. "ఆగే కాడ ఆగుతడా వదినె?"

"ఆగుడేంది, చెంబు సుత ఆగుతది. నీళ్ల సప్పుడు బందైతది. నేను కాలు జారి పడ్డడేమోనని మొదట్ల ఉరికేదాన్ని."

ఆ రోజు ప్రిస్కిల్లా ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చొని చాలాసేపు ఏమీ కుట్టలేదు. సదానందం ఏమైందని అడిగితే సూదిలో దారం ఎక్కించమని ఇచ్చింది. ఎక్కించి ఇచ్చాడు. కళ్లు తుడుచుకొని పనిలో పడింది.

క్రిస్మస్ ముందురోజు పొద్దు వాలుతుండగా పాటల బృందం బయలుదేరింది. కీబోర్డును సదానందం ఆటోలో పెట్టారు, దాని పక్కన డబ్బా స్పీకరు. మొదటి లైను, రెండో లైను అయిపోయాయి. పిల్లలు శాంతాక్లాజు టోపీలు పెట్టుకొని చాక్లెట్ల కోసం కొట్టుకుంటున్నారు. మూడో లైను మొదట్లో నల్లా దగ్గరికి రాగానే ప్రిస్కిల్లా శ్యాంసుందర్ భుజం తట్టింది.

"ఒక్కసారి అడుగుత కొడుకా. జవాబు రాకపోతె ఇగ నీ ఇష్టమున్న పాట."

"ఎవలు చెప్తరాంటీ?"

"ఎర్కలే. నువ్వు గది బందు జెయ్యి."

అతను ఆమె ముఖం చూసి స్పీకరు ఆపేశాడు. ఈసారి గుంపు రెండుగా చీలలేదు. అవతలికి వెళ్లి నిలబడడానికి ఎవరూ లేరు. లైను పొడుగునా తాళాలు వేసిన తలుపులు, అక్కడక్కడా ఒక బల్బు. నడుమ అరుగు మీద గొంగడి కప్పుకొని దేవవ్వ కూర్చొని ఉంది. చివర ఫిలిప్ ఇంటి తలుపు మూసే ఉంది. ప్రిస్కిల్లా కొంగు సర్దుకొని అడిగింది.

ఎవలింటికొచ్చినవే చుక్కా, ఇంత పొద్దుగూకినంక?

ఆగింది. ఎక్కడో కుక్కర్ కూత. ఒక పిల్లవాడు చప్పట్లు కొట్టబోతే వందన వాడి చేతులు పట్టుకుంది. జవాబు రాలేదు. గంట తిరిగి రాకపోతే మళ్లీ కొట్టాలి. ప్రిస్కిల్లా మళ్లీ అడగడం మొదలుపెట్టింది.

అరుగు మీద దేవవ్వకు అది భరించరానిదైంది. జీవితమంతా విన్న పాట. పేతురు బిడ్డ వీధిలో నిలబడి ఒంటరిగా అడుగుతుంటే చూస్తూ కూర్చోవడం ఎట్లా? ప్రశ్న పూర్తి కాకముందే అందుకుంది. "తలుపు లేని కొట్టానికొచ్చిన" అని పొలంలో నాట్లు వేసేటప్పటి పాటలాగా, గబగబా, ఊపుతూ. లైనులో నవ్వులు మొదలయ్యాయి. ప్రిస్కిల్లా కూడా నవ్వింది. నవ్వుతూనే నాలుగడుగులు వేసి రెండోది అడిగింది.

ఏం దెచ్చినవే చుక్కా, ఎడమ చేతిల దాచుకోని?

చుక్కా అనగానే దేవవ్వ మీద పడింది. "ఏం దేలేదు ఏం దేలేదు..." ప్రిస్కిల్లా మాట ఆమె మాట కింద నలిగిపోయింది.

అప్పుడు లైను చివర తలుపు తెరుచుకుంది.

"అట్ల గాదవ్వా!" ఫిలిప్ గడప మీద నిలబడి ఉన్నాడు. లుంగీ, స్వెట్టరు, భుజం మీద తువ్వాల. "గట్ల మీద పడి పాడుతరా? ఆగాలె. జర ఆగాలె."

దేవవ్వ ఊరుకునే మనిషి కాదు. "నువ్వు పాడవైతివి. నేను పాడితె తప్పులు పడుతున్నవా? మూసుకోని ఇంట్ల కూసో."

"పాడుమంటున్న గని సక్కగ పాడు. అడిగేటోళ్ల మాట పూర్తిగ కానియ్యాలె. ఆ మాట గీడిదాక రావాలె. గప్పుడు నువ్వు ఊపిరి తియ్యాలె."

"గంతసేపు ఊపిరి ఆపితె సచ్చిపోత నేను."

"సావవు. మా బాపు బాయిల గంతకన్న ఎక్కువ ఆగేటోడు."

"ఎంతసేపు ఆగాలెనో సూపియ్యి మరి."

ఫిలిప్ లోపలికి ఒకసారి చూశాడు. నవనీత వెనక నిలబడి ఉంది. అతను గడప దిగలేదు. తలుపు చెక్కను ఒక చేత్తో పట్టుకున్నాడు.

"అడుగుమను" అన్నాడు, చెల్లె వైపు చూడకుండా.

ఆఖరి చరణం మిగిలి ఉంది. ఎప్పుడూ రెండు గుంపులు లైను నడుమ కలుసుకునే చరణం. ప్రిస్కిల్లా దేవవ్వ అరుగు దగ్గర ఆగలేదు. దాటి నడిచింది. అన్న దిగని దూరాన్ని కూడా తనే నడిచింది. వెనక పిల్లలు, ఆటో, శ్యాంసుందర్, అందరూ చప్పుడు చేయకుండా వచ్చారు. గడపకు కొంచెం ఇవతల నిలబడి అడిగింది.

ఎన్నాళ్లుంటవే చుక్కా, మా ఇంటి చూరు కింద?

ఆ చివరి మాట గాలిలో సన్నబడి, పూర్తిగా పోయింది. ఎవరూ కదలలేదు. తనకు తెలిసిన ఏ ఆగడం కన్నా ఇది ఎక్కువసేపు అనిపించింది ప్రిస్కిల్లాకు. కానీ ఈసారి భయం లేదు. అన్న ఛాతీ నిండడం ఆమెకు కనిపిస్తోంది. చిన్నప్పుడు ఎన్నడూ కనిపించలేదు. అప్పుడు అతను ఎప్పుడూ అవతలి చివర ఉండేవాడు.

ఉండుమంటె ఉంట, పొమ్మంటె పోత, పిలిస్తె మళ్ల వస్త.

గొంతు మొద్దుబారింది. పైన ఒకచోట విరిగింది కూడా. కానీ మాట పడవలసిన చోటనే పడింది. శ్యాంసుందర్ ఆటోకు ఆనుకొని నిలబడిపోయాడు. వందన ఫోను పైకి ఎత్తి పట్టుకునే ఉంది. "అమ్మా, గిది కట్ జెయ్య" అంది మెల్లగా.

పాట అయిపోయాక ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఫిలిప్ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"నేను పాడలే" అన్నాడు. "అవ్వకు సూపిచ్చిన."

"అవు. సూపిచ్చినవ్" అంది ప్రిస్కిల్లా.

దేవవ్వ గొంగడి ఈడ్చుకుంటూ అప్పటికి అక్కడికి చేరింది. కొంగులోంచి ఒక సకినం తీసి ఫిలిప్ చేతిలో పెట్టింది. "తిను. పాట అయిపోయింది, ఇగ నోట్లె కుక్కుకున్నా ఫికర్ లేదు."

అతను నవ్వాడు. నవ్వి, సకినాన్ని రెండుగా విరిచి సగం చెల్లె చేతిలో పెట్టాడు. పిల్లలు చాక్లెట్లు గుర్తొచ్చి మళ్లీ గోల మొదలుపెట్టారు. ఆటో స్టార్టయింది. నాలుగో లైనుకు వెళ్లాలి. ప్రిస్కిల్లా తిరగబోతుంటే ఫిలిప్ గడప మీది నుంచే పిలిచాడు.

"చెల్లె. అవ్వకు వయసు మీద పడ్డది. వచ్చేయేటికి ఆమెకు యాదుంటదో లేదో. మళ్ల సూపియ్యాలెనేమో."

ప్రిస్కిల్లా వెంటనే జవాబు చెప్పలేదు. అన్న మాట తనదాకా పూర్తిగా వచ్చేదాకా ఆగింది. ఊపిరి తీసుకుంది.

"సూపిద్దువు తియ్యన్నా" అంది.